ఇంటర్నేషనల్ స్కూల్లో లెర్నింగ్ సపోర్ట్: మొదటి మెయిల్ నుంచి పరీక్ష హాలు దాకా తల్లిదండ్రులు చేయాల్సినవి

"మా అబ్బాయి క్లాసులో వెనకబడుతున్నాడు. స్కూలు వాళ్లను ఏమని అడగాలి?" తరచూ వచ్చే ప్రశ్న ఇది. జవాబు సూటిగా చెప్తాను. "కాస్త శ్రద్ధ పెట్టండి" అని అడిగితే "తప్పకుండా" అంటారు, అక్కడితో అయిపోతుంది. అలా కాకుండా, మీరు గమనించింది రాసివ్వండి. ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేస్తారో వాళ్లచేత రాయించుకోండి. కింద ఉన్నదంతా ఈ రెండు పనులు చేసే పద్ధతే.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. ఇంటర్నేషనల్ స్కూళ్లలో చాలా మటుకు ప్రైవేటువి. ప్రభుత్వ బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చట్టం ఇచ్చే హామీలు వీటికి ఎంతవరకు వర్తిస్తాయన్నది దేశాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల మీ చేతిలో ఉండే గట్టి ఆధారాలు రెండే: స్కూలు తనంతట తాను రాసుకున్న పాలసీ, మీరు సంతకం పెట్టిన అడ్మిషన్ ఒప్పందం.

1. ముందు కాగితాలు చదవండి, మనుషుల్ని గుర్తుపట్టండి

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియెట్ సిలబస్) స్కూలయితే ఇన్‌క్లూజన్ పాలసీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని ఎలా కలుపుకుంటారో చెప్పేది), లాంగ్వేజ్ పాలసీ, అసెస్‌మెంట్ పాలసీ రాతపూర్వకంగా ఉండి తీరాలి. స్కూలు వెబ్‌సైట్‌లో లేకపోతే కోఆర్డినేటర్‌ను అడగండి. మిగతా స్కూళ్లలో కూడా ఏదో ఒక పేరుతో ఉంటాయి. చదివేటప్పుడు వెతకాల్సినవి:

- సపోర్ట్ ఎన్ని స్థాయుల్లో ఇస్తారు? ఏ స్థాయి దాటితే "మా వల్ల కాదు" అంటారు?
- ఏది ఫీజులో భాగం, దేనికి విడిగా కట్టాలి?
- సపోర్ట్ మొదలుపెట్టడానికి బయటి రిపోర్టు కావాలా, టీచర్ సిఫారసు చాలా?
- స్కూలు నిర్ణయం నచ్చకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ఇక మనుషులు. చిన్న తరగతుల్లో హోమ్‌రూమ్ టీచర్, పెద్ద తరగతుల్లో ట్యూటర్ లేదా ఇయర్ హెడ్ మీకు మొదటి మనిషి. లెర్నింగ్ సపోర్ట్ కోఆర్డినేటర్‌ను బ్రిటిష్ పద్ధతి స్కూళ్లలో సెన్‌కో అంటారు. ఇంగ్లిష్ కొత్తయిన పిల్లలకు ఈఏఎల్ (అదనపు భాషగా ఇంగ్లిష్ నేర్పే) టీచర్ ఉంటారు. పిల్లల భద్రత విషయాలకు సేఫ్‌గార్డింగ్ లీడ్ అని ఒకరిని ప్రత్యేకంగా నియమిస్తారు.

కౌన్సెలర్ అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. హైస్కూల్లో కొందరు కౌన్సెలర్ల పని యూనివర్సిటీ దరఖాస్తులు చూడటమే. మనసుకు సంబంధించిన విషయాలు చూసేది వాళ్లేనా, వేరే ఎవరైనా ఉన్నారా అని ముందే అడిగి పెట్టుకోండి.

2. మూడు వారాల నోట్సు

మీటింగ్ అడగడానికి ముందు ఓ మూడు వారాలు ఇంట్లో గమనించి రాయండి. పెద్ద డైరీ అక్కర్లేదు, ఫోన్‌లో నాలుగు లైన్లు చాలు. అయితే అభిప్రాయాలు వద్దు, జరిగింది మాత్రమే రాయండి.

"చదువు మీద ధ్యాస లేదు" అన్నది అభిప్రాయం. దాన్ని పట్టుకుని ఏ టీచరూ ఏమీ చేయలేరు. ఇదిగో, ఇలా రాస్తే పనికొస్తుంది:

"మంగళవారం సాయంత్రం. సైన్స్ పుస్తకంలో రెండు పేజీలు. తనే చదవడానికి 35 నిమిషాలు పట్టింది. ఐదు ప్రశ్నలడిగితే ఒకదానికే జవాబు చెప్పింది. అలాంటివే ఇంకో రెండు పేజీలు నేను చదివి వినిపించాను. నాలుగు ప్రశ్నలకు చెప్పింది."

ఈ కాస్త నోట్సు చూడగానే కోఆర్డినేటర్‌కు ఒక సంగతి తడుతుంది: విన్నది అర్థమవుతోంది, అక్షరాలను మాటలుగా కూడబలుక్కోవడం దగ్గరే అమ్మాయి అలసిపోతోంది. ఇలాంటివి నాలుగైదు ఉంటే ఎక్కడ వెతకాలో స్కూలుకు తెలుస్తుంది.

గమనించాల్సినవి:

- ఏ పని దగ్గర ఆగిపోతున్నారు: చదవడమా, రాయడమా, లెక్కలా, పని మొదలుపెట్టడమా?
- ఏం చేస్తే తేలికైంది? ఇది రాయడం చాలామంది మర్చిపోతారు. అసలు పనికొచ్చేది ఇదే.
- నిద్ర ఎన్ని గంటలు? బడికి బయల్దేరే ముందు కడుపునొప్పి, తలనొప్పి వస్తున్నాయా? సెలవు రోజుల్లోనూ వస్తున్నాయా?
- పిల్ల ఏమంటోంది? తన మాటల్లోనే రాయండి.

ఇదే సమయంలో కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనబడని పిల్లవాడికీ, ఓ చెవి సరిగా వినబడని పిల్లకీ నెలల తరబడి సపోర్ట్ క్లాసులు నడిపి లాభం లేదు.

3. ఇబ్బంది భాషదా, నేర్చుకోవడంలోదా?

మామూలు స్కూళ్లకూ ఇంటర్నేషనల్ స్కూళ్లకూ అసలు తేడా ఇక్కడే ఉంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

కొత్త భాషలో ఆటపాటల్లో గలగలా మాట్లాడటానికి పిల్లలకు రెండేళ్లు సరిపోతాయి. పాఠాల భాష వేరు. "పోల్చి వివరించు", "కారణాలు చూపు" లాంటి ప్రశ్నలకు ఆ భాషలో పుట్టి పెరిగిన పిల్లల స్థాయిలో రాయడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని జిమ్ కమిన్స్ అనే భాషా శాస్త్రవేత్త చూపించారు. అందుకని గ్రౌండ్‌లో ఇంగ్లిష్ దంచేసే పిల్లవాడు హిస్టరీ పేపర్లో తడబడితే బద్ధకమనో, లోపమనో వెంటనే అనుకోకూడదు.

దీనికి రెండోవైపు కూడా ఉంది. "ఇంగ్లిష్ వస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటూ మూడేళ్లు గడిపేసి, అప్పుడు డిస్‌లెక్సియా (తెలివితో సంబంధం లేకుండా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని తేలే పిల్లలూ ఉన్నారు. ఈ రెండో పొరపాటుకే ఎక్కువ మూల్యం చెల్లించాల్సి వస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే పోయిన ఏళ్లు వెనక్కి రావు.

తేడా పట్టుకోవడానికి ఇంట్లోనే అడగదగిన ప్రశ్నలు:

- ఇంటి భాషలో మాటలు ఆలస్యంగా వచ్చాయా? ఇప్పటికీ కథ వరుసగా చెప్పలేకపోతున్నారా?
- ఇంటి భాషలో చదవడం నేర్పి ఉంటే, అక్కడా ఇదే ఇబ్బంది కనబడిందా?
- కుటుంబంలో ఇంకెవరికైనా చదవడం, రాయడం కష్టంగా ఉండేదా?
- క్లాసులో వీళ్లతోపాటే ఇంగ్లిష్ మొదలుపెట్టిన పిల్లలు ఎక్కడున్నారు, వీళ్లెక్కడున్నారు?

రెండు భాషల్లోనూ ఒకే రకమైన ఇబ్బంది కనిపిస్తుంటే ఆగొద్దు, అసెస్‌మెంట్ అడగండి. ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే ఈఏఎల్ సపోర్ట్ పెంచమని అడిగి, ఒక టర్మ్ తర్వాత మళ్లీ చూడండి.

"ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇంటి భాష బలంగా ఉన్న పిల్లలకు రెండో భాష అందుకోవడానికి ఆధారం ఉంటుంది. పైగా అమ్మానాన్నలతో మనసు విప్పి మాట్లాడే భాష ఒకటి ఉండటం వాళ్ల క్షేమానికే అవసరం.

4. మొదటి మెయిల్

మెయిల్ చిన్నదిగా ఉండాలి. ఫిర్యాదులా ఉండకూడదు. స్కూలు భాషలో ఇలా రాసుకోండి:

"నమస్కారం. గ్రేడ్ 4లో ఉన్న మా అమ్మాయి విషయంలో గత మూడు వారాలుగా గమనించినవి జతచేస్తున్నాను. తనంతట తాను చదివినప్పుడు అర్థం కానిది, వినిపిస్తే అర్థమవుతోంది. క్లాసులో మీరేం గమనించారో తెలుసుకోవాలని ఉంది. మీతోనూ, లెర్నింగ్ సపోర్ట్ కోఆర్డినేటర్‌తోనూ కలిపి అరగంట మీటింగ్ కావాలి. వచ్చే రెండు వారాల్లో ఏ రోజు వీలవుతుందో చెప్పగలరా?"

క్లాస్ టీచర్‌కు రాసి, కోఆర్డినేటర్‌ను కాపీలో పెట్టండి. నేరుగా ప్రిన్సిపల్‌కు రాస్తే పని త్వరగా అవుతుందనుకుంటారు. అక్కణ్ణుంచి ఆ మెయిల్ మళ్లీ క్లాస్ టీచర్ దగ్గరికే వస్తుంది, కాకపోతే అప్పటికి ఆవిడ మనసు కాస్త నొచ్చుకుని ఉంటుంది. ఐదు పనిదినాల్లో జవాబు రాకపోతే గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే పై మెట్టు ఎక్కండి.

5. మీటింగ్

ముందుగా టీచర్‌ను మాట్లాడనివ్వండి. ఇంట్లో కనబడేదీ క్లాసులో కనబడేదీ వేరుగా ఉండటం మామూలే. బడిలో రోజంతా బిగబట్టుకుని, ఇంటికొచ్చాక విరుచుకుపడే పిల్లలు చాలామంది.

అడగాల్సినవి:

- ఇప్పటిదాకా క్లాసులో ఏం ప్రయత్నించారు, ఎన్ని వారాలు, ఏం తేడా కనబడింది?
- తోటి పిల్లలతో పోలిస్తే ఎక్కడుంది? ఏ పరీక్ష ఆధారంగా అలా అంటున్నారు?
- వచ్చే ఆరు వారాల్లో ఏం చేస్తారు? ఎవరు చేస్తారు?
- మళ్లీ ఏ తేదీన కలుద్దాం?

చివరి ప్రశ్నకు జవాబు రాకుండా కుర్చీలోంచి లేవకండి. "చూద్దాం, చెప్తాం" అన్నది తేదీ కాదు.

ఇంటికొచ్చాక అదే రోజు సాయంత్రం ఒక మెయిల్ పెట్టండి: "ఈ రోజు మనం అనుకున్నవి ఇవి. ఏదైనా తప్పుగా రాసి ఉంటే సరిచేయండి." టీచర్లు తరచూ మారిపోయే స్కూళ్లలో ఏడాది తర్వాత మిగిలే సాక్ష్యం ఈ మెయిలే.

6. అసెస్‌మెంట్: చేయించడం, రిపోర్టు చదవడం

స్కూల్లో చేసే స్క్రీనింగ్ వేరు, సైకాలజిస్టు చేసే పూర్తి అసెస్‌మెంట్ వేరు. స్క్రీనింగ్ అనుమానం ఉందో లేదో మాత్రమే చెప్తుంది. దాన్నిబట్టి పిల్లకు ఫలానా లోపం ఉందని పేరు తగిలించకూడదు.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోండి. మీ స్కూలూ, పరీక్షల బోర్డూ వాళ్ల రిపోర్టును ఒప్పుకుంటాయా? ఒకటి కంటే ఎక్కువ భాషల్లో పెరిగే పిల్లల్ని చూసిన అనుభవం ఉందా? రిపోర్టు ఇచ్చాక కూర్చోబెట్టి వివరిస్తారా?

6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఎక్కువగా వాడేది విస్క్-5 అనే పరీక్ష. ఇందులో ఐదు ప్రధాన స్కోర్లు వస్తాయి: మాటలతో ఆలోచించడం, చూసి ఆకారాలు పోల్చుకోవడం, తర్కం, వర్కింగ్ మెమరీ (విన్నదాన్ని, చూసినదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచి పని చేయడం), ప్రాసెసింగ్ వేగం (తేలిక పనులు ఎంత త్వరగా చేస్తారన్నది). సగటు 100. 85 నుంచి 115 మధ్య మూడింట రెండొంతుల మంది పిల్లలు ఉంటారు.

అందరూ తికమకపడేది పర్సంటైల్ దగ్గర. 25వ పర్సంటైల్ అంటే వందకు 25 మార్కులని కాదు. అదే వయసు పిల్లలు వందమందిని నిలబెడితే, పాతికమంది కంటే మెరుగ్గా చేసిందని. అది స్కోరులో దాదాపు 90, అంటే సగటు లోపలే. 16వ పర్సంటైల్ అంటే 85. రెండో పర్సంటైల్ అంటే 70, అక్కడ నిజంగానే గట్టి సాయం కావాలి.

మొత్తం ఐక్యూ అంకె ఒక్కటే చూసి రిపోర్టు మూసేయకండి. మాటల స్కోరు 124, ప్రాసెసింగ్ వేగం 82 ఉన్న పిల్లవాడి మొత్తం స్కోరు ఏ విశేషమూ లేనట్టు కనబడొచ్చు. నోటితో అద్భుతంగా చెప్పి, పేపర్ మీద సగమే రాసే పిల్లలు తరచూ ఇలాంటివాళ్లే. "తెలివైనవాడే, కష్టపడడు" అన్న మాట ఎక్కువగా పడేదీ వీళ్లే.

7. రాతపూర్వక ప్లాన్

ఒక పిల్లకు ఏ సపోర్ట్ ఇస్తారో స్కూలు రాసిచ్చేదే ప్లాన్. దానికి ఐఈపీ (వ్యక్తిగత విద్యా ప్రణాళిక) అన్నా, ఐఎల్‌పీ (వ్యక్తిగత అభ్యాస ప్రణాళిక) అన్నా, ఇంకే పేరు పెట్టినా లోపల ఏముందో చూడండి.

ముఖ్యంగా ఒక తేడా తెలియాలి. అకామడేషన్ అంటే నేర్చుకునేది మారదు, నేర్చుకునే దారి మారుతుంది: అదనపు సమయం, ల్యాప్‌టాప్ మీద రాయడం, ముందు బెంచీ, చదివి వినిపించడం. మాడిఫికేషన్ అంటే నేర్చుకునేదే మారుతుంది: తక్కువ పాఠాలు, తేలిక స్థాయి. మాడిఫికేషన్ తప్పు కాదు, కొందరికి అదే సరైనది. కానీ దాని ప్రభావం పైతరగతుల్లో ఏ సర్టిఫికెట్‌కు అర్హత ఉంటుందన్న దాని మీద పడొచ్చు. కాబట్టి ఏది చేస్తున్నారో సూటిగా అడిగి, సంతకం పెట్టే ముందే తెలుసుకోండి.

లక్ష్యాలు కొలవగలిగేలా ఉండాలి. "చదవడం మెరుగుపడుతుంది" అన్నది కోరిక. "డిసెంబర్ చివరికి, గ్రేడ్ 3 స్థాయి కొత్త పేరాను నిమిషానికి 80 మాటల వేగంతో, ఐదు తప్పులకు మించకుండా చదువుతుంది, రెండు వారాలకోసారి సపోర్ట్ టీచర్ కొలుస్తారు" అన్నది లక్ష్యం.

ప్లాన్ మీద సంతకానికి ముందు:

- మూడు నాలుగు లక్ష్యాలకు మించలేదు కదా?
- ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు ఉందా?
- వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు?
- సపోర్ట్ కోసం బయటికి తీసుకెళ్తే ఏ పీరియడ్ పోతోంది? పిల్లకు ఇష్టమైన ఆర్ట్ క్లాసో, ఆటల పీరియడో పోగొడితే సపోర్ట్ అంటేనే కక్ష పెంచుకుంటుంది.
- సబ్జెక్టు టీచర్లందరికీ ఈ ప్లాన్ చేరిందా? సబ్‌స్టిట్యూట్ టీచర్‌కు?
- పిల్లను అడిగారా? పదేళ్లు దాటిన పిల్లలను మీటింగ్‌లో కాసేపైనా కూర్చోబెట్టాలి.

పక్కన కూర్చునే షాడో టీచర్‌ను పెడితే, ఎప్పుడు, ఎలా తగ్గించుకుంటూ వస్తారో ఆ రోజే రాయించండి. లేకపోతే పెన్సిల్ తీయడం, పేజీ తిప్పడం, జవాబు గుర్తుచేయడం అన్నీ షాడో చేసేస్తుంటారు. నోట్‌బుక్ నిండుతుంది, పిల్లవాడు ఉన్నచోటే ఉంటాడు. మంచి షాడో ముందు ఆగి చూస్తారు. తర్వాత వేలితో చూపిస్తారు. ఆపైన ఒక మాట అంటారు. చేసి చూపించడం ఆఖరున. మీ స్కూల్లో ఈ వరుస పాటిస్తున్నారా అని అడగండి.

8. బోర్డు పరీక్షల్లో వెసులుబాట్లు

పదో తరగతి దాటాక ఆలోచిద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. బోర్డులు చూసేది రిపోర్టు ఒక్కటే కాదు. ఈ విద్యార్థి క్లాసు పరీక్షల్లో కూడా మామూలుగా ఇలాగే రాస్తున్నాడా అని చూస్తాయి. పరీక్ష నెలలో కొత్తగా అడిగిన ల్యాప్‌టాప్ దొరకడం కష్టం.

ఐబీకి, కేంబ్రిడ్జ్ బోర్డుకి దరఖాస్తు పెట్టేది స్కూలే, తల్లిదండ్రులు కాదు. ఐబీకైతే పరీక్షలకు ఆరు నెలల ముందే పంపాలి, అంటే మే పరీక్షలకు నవంబర్‌లోనే. అమెరికా కాలేజీ ప్రవేశాలకు పనికొచ్చే ఎస్‌ఏటీ, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ అనుమతికి ఏడు వారాల దాకా పట్టొచ్చు.

ఎక్కువగా ఇచ్చేది 25 శాతం అదనపు సమయం, అంటే రెండు గంటల పేపర్‌కు అరగంట. పరీక్షకు ఏడాదిన్నర ముందు కోఆర్డినేటర్‌ను ఈ మూడు అడగండి: మా రిపోర్టు అప్పటికి చెల్లుతుందా? ఏ వెసులుబాటుకు దరఖాస్తు పెడుతున్నారు? పెట్టాక కాపీ ఇస్తారా?

9. చదువు కాదు, మనసు బాగోలేదనిపిస్తే

ఇక్కడ మూడు వారాల నోట్సు పద్ధతి పనికిరాదు. కింద ఉన్న వాటిలో ఏది కనబడినా ఆ రోజే ఫోన్ చేయండి:

- చనిపోవాలని ఉందని, బతకడం ఎందుకని అనడం. ఒంటి మీద కోసుకున్న గుర్తులు
- పెద్దవాళ్లెవరైనా రహస్యంగా చాట్ చేయడం, తాకడం, "ఎవరికీ చెప్పొద్దు" అనడం
- తిండి మానేయడం, తిన్నది కక్కేయడం
- బడిలో ఎవరో కొడుతున్నారని, బెదిరిస్తున్నారని చెప్పడం

స్కూల్లో జరిగినదైతే సేఫ్‌గార్డింగ్ లీడ్‌కు చెప్పండి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే స్కూలు సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి లేదా ఎమర్జెన్సీ నంబర్‌కు. పిల్లను ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అలా జరగదు. అడిగితేనే చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

కౌన్సెలర్‌తో పిల్ల ఏం మాట్లాడిందని గుచ్చిగుచ్చి అడగొద్దు. ప్రమాదం ఉందనిపిస్తే కౌన్సెలర్ ఎలాగూ చెప్పాల్సిందే. మీరు అడగాల్సింది: "ఇంట్లో మేమేం చేస్తే బావుంటుంది?"

ఏడిపించడం ఆన్‌లైన్‌లో జరిగితే తేదీ, యూజర్‌నేమ్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. అవతలి పిల్లల తల్లిదండ్రులకు మీరే ఫోన్ చేయకండి, గొడవ పెద్దలదైపోతుంది. విచారణ ఎవరు చేస్తారు, ఈలోగా బస్సులోనూ లంచ్‌లోనూ పిల్ల పక్కన ఎవరుంటారు అని స్కూలును అడగండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ట్యూషన్ మీద ట్యూషన్ పెట్టడం. అలసిన పిల్లకు అదే పాఠం అదే పద్ధతిలో మూడోసారి చెప్తే ఎక్కదు. ట్యూటర్‌కు ప్లాన్ కాపీ ఇచ్చి, ఒకే లక్ష్యం మీద పని చేయించండి.

హోంవర్క్ మనమే పూర్తిచేసి పంపడం. టీచర్‌కు అంతా బానే ఉన్నట్టు కనబడుతుంది. అనుకున్న సమయానికి ఆపేసి, "30 నిమిషాలు చేశాక ఇక్కడిదాకా వచ్చింది" అని పుస్తకంలోనే రాయండి.

పిల్లకు ఏమీ చెప్పకపోవడం. వారానికి మూడుసార్లు తనను మాత్రమే ఎందుకు బయటికి పిలుస్తున్నారో తెలియని పిల్ల, తనకు తెలివి లేదని నిర్ణయించేసుకుంటుంది. "నీకు చదవడానికి ఎక్కువ సేపు పడుతోంది. ఎలా తేలికవుతుందో ఈ టీచర్ నేర్పిస్తారు" అంటే చాలు.

11. స్కూలు, దేశం మారేటప్పుడు

అడ్మిషన్ దొరకదేమోనని రిపోర్టులు దాచిపెట్టేవాళ్లు చాలామంది. వద్దు. ఆ సాయం ఇవ్వలేని స్కూల్లో సీటు వచ్చినా నష్టమే. పైగా దాచారని తేలితే సీటు రద్దుచేసే నిబంధన ఒప్పందంలో ఉండొచ్చు.

తీసుకెళ్లాల్సిన ఫైలు:

- అసెస్‌మెంట్ రిపోర్టు, స్కూలు భాషలో అనువాదంతో సహా
- ఆఖరి ప్లాన్, గత ఏడాది ప్లాన్
- సపోర్ట్ టీచర్ రాసిచ్చిన ఒక పేజీ: ఏది పనిచేసింది, ఏది చేయలేదు
- పిల్ల సొంతంగా రాసిన రెండు మూడు పేజీలు, దిద్దకుండా
- మందులుంటే డాక్టర్ లేఖ, మందు అసలు పేరుతో

ఈ ఆఖరిది తేలిగ్గా తీసుకోకండి. ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఒక దేశంలో మామూలుగా రాసే మందు ఇంకో దేశంలో నిషిద్ధం కావచ్చు. ఉదాహరణకు, ఆడెరాల్ అనే ఏడీహెచ్‌డీ మందును జపాన్‌లోకి డాక్టర్ చీటీ ఉన్నా తీసుకెళ్లనివ్వరు. టికెట్లు కొనక ముందే ఆ దేశపు ఎంబసీని అడిగి, బదులుగా వాడదగిన మందు ఉంటే ఇక్కడి డాక్టర్ పర్యవేక్షణలోనే మార్చుకుని, సరిపడుతోందో లేదో చూసుకుని బయల్దేరండి.